రహీం సాబ్ తవ్విన చెరువు

మా అనంతపురంలో ప్రపంచ కప్ సంవత్సరం వచ్చిందంటే బట్టల దుకాణాల ముందు బ్రెజిల్ పసుపు జెర్సీలు వేలాడతాయి. మన పిల్లలు కొనుక్కుంటారు. వీపు మీద 10 నంబరు ఉండాలి. వాళ్లను ఆపి అడిగి చూడండి. పేలే, రొనాల్డో, రొనాల్డిన్హో, నేమార్... తస్బీ తిప్పినట్టు పేర్లు చెప్పేస్తారు. "సయ్యద్ అబ్దుల్ రహీం ఎవర్రా?" అనండి. "ఏ మొహల్లా భాయ్?" అని ఎదురు అడుగుతారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాడైతే "అజయ్ దేవగన్" అంటాడు.

బ్రెజిల్ వాళ్లకు ఒక మంచి ఆదత్ ఉంది. ఆట మానేసిన ఆటగాడు మైదానం వదిలిపోడు, ఉస్తాద్ అవుతాడు. మారియో జగాలో ఆటగాడిగా 1958, 1962 ప్రపంచ కప్‌లు గెలిచాడు. కోచ్‌గా 1970 కప్ గెలిపించాడు. ఆయన పేరు దునియాకు తెలుసు. దునియాకు తెలియని వాళ్లు ఇంకెందరో చిన్న చిన్న ఊళ్ల క్లబ్బుల్లో పిల్లలకు బంతి నేర్పుతూ ఉమర్ గడిపేస్తారు. అక్కడి ఆట నిలబడేది వాళ్ల భుజాల మీదే.

అలాంటి ఉస్తాద్ మన దగ్గరా ఒకాయన ఉన్నారు. బ్రెజిల్‌లో పుట్టి ఉంటే ఊరూరా ఆయన బొమ్మ ఉండేదేమో. హైదరాబాద్‌లో పుట్టారు.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో బీఏ చదివి, ఆ యూనివర్సిటీ జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. ఉస్మానియా 1918లో ఉర్దూ మీడియంతో మొదలైన యూనివర్సిటీ. లెక్కలు, సైన్సు, డాక్టరీ కూడా ఉర్దూలోనే చెప్పిన చోటు. నేను ఉర్దూ మీడియం బడిలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. "ఉర్దూ మీడియంలో చదివితే ఏమొస్తుంది, పంక్చర్ షాపే గదా" అనే మాట మన ఇళ్లలోనే ఎన్నిసార్లు విన్నానో. అందుకే ఈ సంగతి మీకు ప్రత్యేకంగా చెప్తున్నా. ఆసియాలో రెండుసార్లు ఇండియాను బంగారు పతకం దాకా తీసుకెళ్లిన దిమాగ్ ఉర్దూలో చదువుకున్న దిమాగ్.

చదువయ్యాక ఆయన టీచర్ అయ్యారు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో బడిపిల్లలకు పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. ఆటగాడిగా ఆయన పెద్ద పేరేమీ తెచ్చుకోలేదు. కానీ ఆటను పాఠంలాగా విడదీసి చెప్పే హునర్ ఆయన చేతిలో ఉంది. 1943 నుంచి చివరిదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీగా ఉన్నారు.

సెక్రటరీ అంటే మనకు తెలిసిందే. కుర్చీ, దండ, ఫోటో. రహీం సాబ్ ఆ కుర్చీలో కూర్చుని చేసిన పని వేరు. ఆయన వింత వింత టోర్నమెంట్లు పెట్టారు. ఒక టోర్నమెంటులో బంతిని కాలికి అంటించుకుని పరుగెత్తకూడదు, వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే తన్నాలి, కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలే వాడాలి. ఎత్తుకు హద్దు పెట్టి పొట్టి పిల్లలకు వేరే పోటీలు పెట్టారు.

పైకి తమాషాగా కనిపిస్తుంది. కొంచెం ఆలోచించండి. ఎడమకాలు వాడాల్సిందే అన్నప్పుడు పిల్లవాడికి తన బలహీనత ఏమిటో తెలుస్తుంది. బంతి దాచుకోవడానికి లేదన్నప్పుడు తన పక్కన ఇంకో పదిమంది ఉన్నారని గుర్తుకొస్తుంది. పొట్టివాళ్లకు వేరే పోటీ ఉంటే, ఇంకా పెరగని పిల్లవాడు పెద్దపిల్లల కాళ్ల కింద నలిగి ఆట మానేసే పరిస్థితి రాదు. ఇవన్నీ పైసా ఖర్చు లేని పనులు. తరగతి గదిలో వెనక బెంచీ పిల్లల్ని గమనించిన టీచరుకే ఇలాంటివి తడతాయి.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మనం అనంతపురం వాళ్లం, దత్తమండలం వాళ్లం. 1800లోనే నిజాం ఈ ఇలాకాను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. కాబట్టి 1948 సెప్టెంబరులో హైదరాబాద్ మీద పోలీస్ చర్య జరిగినప్పుడు మనవాళ్లు మద్రాసు రాష్ట్రంలో ఉన్నారు. దెబ్బ నేరుగా తగల్లేదు. కానీ సరిహద్దుకు అటువైపు రిష్తేదార్లు ఉన్న ఘరానాలకు ఆ రోజులు తెలుసు. నౌకరీలు పోయాయి. కొందరు పాకిస్తాన్ దారి పట్టారు. మరాఠ్వాడా వైపు ఎంతో రక్తం పారింది. ఉండిపోయినవాళ్ల మీద అనుమానం ఉండిపోయింది. పెద్దవాళ్లు ఈ కబుర్లు గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్లు, పిల్లలు వస్తే ఆపేసేవాళ్లు.

అది జరిగిన రెండేళ్లకు, 1950లో, రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును చేతిలోకి తీసుకున్నారు. ఆ సంవత్సరమే ఆ జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలిచింది. ఢిల్లీలో డ్యూరండ్ కప్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. రోవర్స్ కప్ ఆ తర్వాత కూడా వదల్లేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. ఆ జట్టులో మన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటివాళ్లు. వాళ్ల భుజం పక్కన భుజంగా క్రైస్తవ పిల్లలు, హిందూ పిల్లలు ఉన్నారు.

ఒక్కసారి ఊహించుకోండి. ఏ షహర్ కుర్రాళ్లను నిన్నమొన్నటి దాకా అనుమానంగా చూశారో, ఆ షహర్ కుర్రాళ్లు పోలీస్ జట్టు పేరుతో బొంబాయి మైదానంలోకి దిగుతున్నారు. వాళ్లను చూసి జనం చప్పట్లు కొడుతున్నారు. వాళ్లు ఎవరికీ సఫాయీ ఇచ్చుకోలేదు. మేము మంచివాళ్లం, మమ్మల్ని నమ్మండి అని ఏ కాగితం మీదా రాయలేదు. బంతి వచ్చినప్పుడు సరిగ్గా పక్కవాడికి ఇచ్చారు, అంతే.

ఇది రాస్తుంటే నాకు మన కాలమే గుర్తొస్తోంది. ఇవాళ కూడా మన పిల్లలను ఎవరో ఒకరు సుబూత్ అడుగుతూనే ఉంటారు. మనమూ ఒక్కోసారి రహీం సాబ్ పేరును సుబూత్‌గా చూపించాలనుకుంటాం. చూడండి, మావాడు దేశానికి బంగారం తెచ్చాడు అని. నాకది నచ్చదు. ఆయన పతకం మన ఈమాందారీకి సర్టిఫికెట్ కాదు. ఆయన అంతకన్నా పెద్ద మనిషి. పనిని ఇబాదత్‌లాగా చేసినవాడు. మనం నేర్చుకోవాల్సింది ఆ పని.

ఆ పని ఎప్పుడూ గెలుపుతోనే సాగలేదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇండియా ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారం గెలిచింది. కోచ్ రహీం సాబ్. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో అదే కోచ్ చేతిలోని జట్టు యుగోస్లావియాతో 10-1తో ఓడిపోయింది. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ చలి, ఆ తడి గడ్డి. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి.

పది గోల్స్ తిన్నాక మనిషి ఏం చేస్తాడు? రహీం సాబ్ మళ్లీ చదువుకున్నారు. 1953లో హంగేరీ జట్టు వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో చిత్తు చేసింది. హంగేరీ సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడకుండా వెనక్కి జరిగి ఆడాడు. అతన్ని ఎవరు కాపలా కాయాలో ఇంగ్లండ్ డిఫెండర్లకు అర్థం కాలేదు. ఆ పద్ధతిని రహీం సాబ్ మన పిల్లలకు నేర్పారు. 1958లో బ్రెజిల్ 4-2-4 పద్ధతిలో ప్రపంచ కప్ గెలిచి దునియాను ఆశ్చర్యపరచింది. అంతకు ముందే రహీం సాబ్ ఇక్కడ ఆ దారిలో నడిచారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు కొందరు అంటారు. ఇంటర్నెట్టు లేదు, టీవీ లేదు. ఒక బడి పంతులు హైదరాబాద్‌లో కూర్చుని దునియా ఆటను చదివారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆ చదువు పనికొచ్చింది. హంగేరీ పోటీ నుంచి తప్పుకోవడంతో మనకు మొదటి ఆట లేకుండా పోయింది. తర్వాత ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. అక్కడ మళ్లీ యుగోస్లావియా. ఈసారి 4-1. ఓడిపోయాం. కానీ పదికీ నాలుక్కీ మధ్య ఎంత మెహనత్ ఉందో లెక్క వేయండి. చివరికి నాలుగో స్థానం. ఆ జట్టులో హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు అరడజను మందికి తక్కువ లేరు.

వాళ్లలో ఒకరు తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ పేద ఇంటి పిల్లవాడు. ఆట చూసి రహీం సాబ్ రమ్మన్నారు. రోజూ హైదరాబాద్ రావడానికి ఆ అబ్బాయి దగ్గర పైసల్లేవు. సైకిల్ కిరాయికి రహీం సాబ్ తానే డబ్బులిచ్చారని బలరాం ముసలితనంలో కూడా చెప్పుకునేవారు. 2023లో ఆయన ఇంతెఖాల్ అయ్యేదాకా ఆ సైకిల్ కిరాయి ఆయనకు యాద్ ఉంది. ఒక సయ్యద్ ఘరానా టీచరు, ఒక తులసీదాస్. ఈ దేశం ఎలా నడవాలో ఎవరైనా నన్ను అడిగితే ఆ సైకిల్ కిరాయి ఒక్కటి చెప్తే చాలనిపిస్తుంది.

1962 జకార్తా ఆసియా క్రీడల కథ 'మైదాన్'లో చూశారు కదా. అసలు కథకు సినిమా మసాలా అక్కర్లేదు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. మన దేశం తరఫున ఒలింపిక్ కమిటీలో ఉన్న జి.డి. సోంధీ దాన్ని ఎదిరించారు. అక్కడి జనానికి కోపం వచ్చి ఆ గుస్సా మన ఆటగాళ్ల మీద చూపించారు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. డిఫెన్స్‌లో ఆడే ఆ మనిషిని రహీం సాబ్ ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ అదే కొరియా. లక్షమంది జనం, అందరూ మనకు ఎదురే. పి.కె. బెనర్జీ ఒక గోల్, తలకు కట్టుతోనే జర్నైల్ ఒక గోల్. 2-1. బంగారం.

ఫైనల్ ముందు ఆయన ఆటగాళ్లను తనకో తోఫా ఇమ్మని అడిగారని, ఆ తోఫా బంగారు పతకమని ఆ జట్టువాళ్లు తర్వాత చెప్పుకున్నారు. అప్పటికే క్యాన్సర్ ఊపిరితిత్తుల్లో ఉంది. 1963 జూన్ 11న రహీం సాబ్ కన్ను మూశారు. వయసు 53. అంత బంగారం తెచ్చిన మనిషికి ఒక్క జాతీయ పురస్కారం రాలేదు.

ఆ తర్వాత ఇండియా ఫుట్‌బాల్ ఆసియా క్రీడల్లో మళ్లీ బంగారం చూడలేదు. 1970లో ఒక కాంస్యం, అంతే. 1960 రోమ్ తర్వాత ఒలింపిక్స్ గడప తొక్కలేదు.

హైదరాబాద్ ఆట మాత్రం కొన్నాళ్లు ఆయన పోసిన నీళ్లతో పచ్చగానే ఉంది. 1970 కాంస్యం జట్టుకు కెప్టెన్ మన హైదరాబాద్ సయ్యద్ నయీముద్దీన్. ఆటగాడే ఉస్తాద్ అయ్యాడు, కలకత్తా పెద్ద క్లబ్బులకు కోచ్‌గా పనిచేశాడు, 1990లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నాడు. షబ్బీర్ అలీ కూడా అలాగే ఆడి, తర్వాత నేర్పాడు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పేలే వచ్చి కాస్మోస్ జట్టు తరఫున మోహన్ బగాన్ మీద ఆడాడు. ఆట 2-2తో ముగిసింది. మోహన్ బగాన్ రెండు గోల్స్‌లో ఒకటి కొట్టింది మహమ్మద్ హబీబ్, హైదరాబాద్ కుర్రాడు. పసుపు జెర్సీ కొనుక్కునే మన పిల్లలకు ఈ ఒక్క కబురైనా చెప్పండి. పేలే ఉన్న మైదానంలో గోల్ కొట్టినవాడు మనవాడు.

కానీ చూడండి, వీళ్లంతా పేరు తెచ్చుకుంది ఎక్కడ? కలకత్తాలో. ఇంట్లో పని లేక బెంగళూరు బండి ఎక్కే మన పల్లె జనంలాగా, హైదరాబాద్ ఆట కలకత్తాకు వలసపోయింది. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ కప్ గెలిచినప్పుడు నేనూ సంతోషపడ్డా. కోచ్ స్పెయిన్ మనిషి, కెప్టెన్ బ్రెజిల్ మనిషి. వాళ్ల మెహనత్‌కు సలాం. కానీ ఆ జట్టులో హైదరాబాద్ గల్లీల పిల్లలు కనిపించింది తక్కువే. తర్వాత కొద్దికాలానికే ఆ క్లబ్బు డబ్బు కష్టాల్లో పడింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి అనంతపురం వాళ్లకు పెద్ద చదువు అక్కర్లేదు. మన జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఒక్కోసారి నాలుగు రోజుల్లో కురిసి పోతుంది. అందుకే మన పెద్దలు వానను నమ్ముకోలేదు, చెరువును నమ్ముకున్నారు. మన ఊరికి పేరు వచ్చిందే అనంతసాగరం చెరువు నుంచి. కట్ట వెయ్యాలి, తూము చూసుకోవాలి, పూడిక తియ్యాలి. అప్పుడే పడిన నాలుగు చినుకులూ ఏడాది పొడుగునా పనికొస్తాయి.

పిల్లల్లో హునర్ వానలాంటిది. అల్లాహ్ ఎక్కడ కురిపిస్తాడో ఎవరికి తెలుసు? రహీం సాబ్ చేసింది చెరువు తవ్వడం. బడి, ఎడమకాలి టోర్నమెంటు, సైకిల్ కిరాయి, పోలీసు నౌకరీ. ఈ నాలుగూ కలిస్తే కట్ట. ఆయన పోయాక ఆ కట్టను చూసుకునేవాళ్లు లేకపోయారు. మరవ పారిన చెరువు మెల్లగా పూడిపోయింది. మనం మాత్రం ఇంకా ఆకాశం వైపు చూస్తూ ఇంకో రహీం రావాలని దువా చేస్తున్నాం.

పోలీసు నౌకరీ మాట ఎందుకన్నానంటే, మన ఇళ్లలో వచ్చే మొదటి సవాల్ అదే. మా అమ్మాయికి ఫుట్‌బాల్ అంటే ఇష్టం. ఒక నికాహ్ దావత్‌లో ఈ సంగతి తెలిసి మా చాచా అన్నారు, "బంతి తన్నితే కూటికొస్తుందా, గుడ్డకొస్తుందా బేటా? అందులో ఆడపిల్ల." ఆయన చెడ్డవాడు కాదు. కరువు చూసిన మనిషి. వేరుశెనగ చేను ఎండిపోయిన ఏళ్లలో ఇల్లు నడిపిన మనిషికి ప్రతిదాన్నీ రిజ్క్ తూకంలో తూచడం అలవాటు. ఆయనకు అబద్ధం చెప్పలేను. ఆట కచ్చితంగా రోటీ పెడుతుందని ఎవరూ చెప్పలేరు. ఒలింపిక్స్‌కు వెళ్లినవాళ్లలోనే కొందరి ముసలితనం తంగీలో గడిచింది. హైదరాబాద్ కుర్రాళ్ల అమ్మీ అబ్బాలు అప్పట్లో పంపించారంటే, ఆటతో పాటు నెల జీతం ఉందనే. ఆ భరోసా లేకుండా "ఆడుకో బిడ్డా" అనడం పేద ఇంటికి సులువు కాదు.

అందుకని పిల్లలందరినీ ఆటగాళ్లను చెయ్యండి అని నేను అనను. చెరువు కింద పండే ప్రతి గింజా సంతకు పోదు కదా, ఇంట్లోవాళ్లూ తింటారు. వాటం లేని కాలును వాడుకోవడం, బంతిని పక్కవాడికి ఇవ్వడం, పది గోల్స్ తిన్న తర్వాత మళ్లీ చదువుకోవడం, ఇవి ఏ నౌకరీకైనా పనికొస్తాయి. ఆడపిల్లకు ఇంకా ఎక్కువ పనికొస్తాయి. హిజాబ్ కట్టుకుని, ఒళ్లంతా కప్పే ట్రాక్ ప్యాంటు వేసుకుని అమ్మాయిలు ఆడొచ్చు. ఫిఫా 2014లోనే తలకు కట్టుకోవడాన్ని అనుమతించింది. అడ్డం దీన్ కాదు. చాలాసార్లు పక్కింటివాళ్లు ఏమనుకుంటారో అన్న భయమే అడ్డం.

మన దగ్గర మైదానం లేదనీ అనలేం. ఎక్కడో స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ సాబ్ 1969లో ఈ కరువు నేల మీద ఆర్డీటీ మొదలుపెట్టారు. ఆ సంస్థ అనంతపురంలో పచ్చటి మైదానాలు వేసి పల్లె పిల్లలకు, ఆడపిల్లలకు కూడా ఫుట్‌బాల్ నేర్పింది. పరాయి దేశం మనిషికి మన పిల్లల కాళ్లలో హునర్ కనిపించింది.

మన వంతు పని చిన్నదే. ప్రతి మొహల్లాలో ఒక ఉర్దూ బడి ఉంది. ఆ బడిలో ఒక టీచరు ఉన్నారు. అసర్‌కూ మగ్‌రిబ్‌కూ మధ్య గంటన్నర టైం ఉంది. ఒక బంతి, ఒక సీటీ, గోల్ పోస్టుకు నాలుగు ఇటుకలు చాలు. రంజాన్‌లో ఇఫ్తార్ దావత్‌లకు చందాలు వేసుకునే మన కమిటీలు ఏడాదికి ఒక్కసారి ఎడమకాలి టోర్నమెంటు పెట్టలేవా? దూరం నుంచి వచ్చే పిల్లవాడికి బస్సు కిరాయి ఇచ్చే ఒక్క మనిషి ప్రతి మస్జిద్ సఫ్‌లో దొరకడా?

మర్హూమ్ రహీం సాబ్‌కు అల్లాహ్ మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆయన పేరు మీద దువా చేసేవాళ్లు ఆ చేతులతోనే ఈ ఎండాకాలం సెలవుల్లో ఒక బంతి కొనిపెట్టండి. మొదటి ఆటలోనే రూలు చెప్పేయండి: వాటం లేని కాలితోనే తన్నాలి.